మ్యాపు మీద బొట్టుబిళ్లలు: దేశాల గుర్తింపు పోటీని లెక్కగట్టడం ఎలా

మా హాల్లో టీవీ పక్కన ఒక ప్రపంచ పటం ఉంది. గాంధీ రోడ్డులో కొని లామినేషన్ చేయించాను. దాని మీద 12 ఎర్ర బొట్టుబిళ్లలు అంటించి ఉంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలు అవి మా పిల్లలు ఉంటున్న దేశాలేమో అనుకుంటారు. "టువాలులో ఎవరున్నారక్కా?" అని మా తోడికోడలు ఒకసారి అడిగింది కూడా. ఎవరూ లేరు. మాకు ఒక్కతే అమ్మాయి, బెంగళూరులో ఉంది. ఆ బొట్లన్నీ తైవాన్‌తో పూర్తి దౌత్య సంబంధాలున్న దేశాలవి.

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు 27 ఏళ్లు పాలిటిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు బైరాగిపట్టెడలో మా మిద్దె మీదకు గ్రూప్-1, సివిల్స్ రాసే పిల్లలు పదిమంది దాకా వస్తారు. 'ఫలానా దేశం ఫలానా ప్రభుత్వాన్ని గుర్తించింది' అని పేపర్లో పడితే చాలు, ఆ ఒక్క వాక్యం నోట్సులో రాసేసుకుని పని అయిపోయిందనుకుంటారు. ఆ వార్తలో అసలు సంగతి ఆ వాక్యంలో ఉండదు. దాన్ని ఎలా బయటకు లాగాలో వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. కావలసినవి ఒక మ్యాపు, ఒక బొట్టుబిళ్లల ప్యాకెట్టు, ఒక రూళ్ల నోటుబుక్కు.

ముందు గొడవ దేని గురించో తేల్చుకోండి

రాజ్యాన్ని గుర్తించడం వేరు, ప్రభుత్వాన్ని గుర్తించడం వేరు. 'ఇది ఒక దేశమేనా?' అనేది మొదటిది. 'దేశం ఉంది, సరే, దాని తరఫున మాట్లాడేది ఎవరు?' అనేది రెండోది. 1988లో మనం పాలస్తీనాను గుర్తించడం మొదటి రకం. చైనా, తైవాన్‌లది మొదట్నుంచీ రెండో రకం. 1949లో అంతర్యుద్ధంలో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన చైనా పాలకుడు చాంగ్ కై షేక్ తైవాన్ ద్వీపానికి వెళ్లి కూర్చున్నా, చైనా మొత్తానికీ ప్రభుత్వం తనదేనన్నాడు. బీజింగ్‌లో మావో కూడా అదే మాట అన్నాడు. దేశం ఒకటి, హక్కుదారులు ఇద్దరు.

ఇది తేలిక అనుకోకండి. నేనే ఒక మోడల్ పేపర్లో ఆఫ్రికాలోని పశ్చిమ సహారాను ప్రభుత్వాల ప్రశ్న కింద ఇరికించాను. పాకాల నుంచి వచ్చే పిల్లవాడు లేచి, "మేడం, అది రాజ్యం గుర్తింపు కదా?" అన్నాడు. నిజమే. అక్కడ ప్రకటించుకున్న సహ్రావీ రిపబ్లిక్‌ను మన దేశం 1985లో గుర్తించి, 2000లో ఆ గుర్తింపును వెనక్కి తీసుకుంది. ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చన్నమాట. తప్పు నాదే అయినా ఆ రోజు మాకు ఒక మంచి ఉదాహరణ దొరికింది.

పెళ్లిపత్రిక ఒకటా, రెండా?

మన పల్లెల్లో దాయాదులు విడిపోయాక పెళ్లిళ్లు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. "వాళ్లింటి భోజనానికి పోతే మా గడప తొక్కొద్దు" అని పెద్దాయన కబురు పంపుతాడు. చుట్టాలకు టెన్షన్ మొదలవుతుంది. 1955లో పశ్చిమ జర్మనీ పంపింది సరిగ్గా అలాంటి కబురే. తూర్పు జర్మనీని గుర్తించిన దేశంతో మేం తెంచుకుంటాం అంది. దాన్నే హాల్‌స్టైన్ సిద్ధాంతం అంటారు. అన్నట్టే 1957లో యుగోస్లావియాతో, 1963లో క్యూబాతో తెంచుకుంది. కానీ తెంచుకుంటూ పోతే చివరికి ఒంటరిగా మిగిలేది ఎవరు? 1972 చివర్లో రెండు జర్మనీలూ ఒప్పందం చేసుకున్నాయి, 1973 సెప్టెంబరులో రెండూ కలిసే ఐక్యరాజ్యసమితిలో చేరాయి. రెండు కొరియాలు 1991లో చేరాయి. మన దేశం 1973లోనే ఆ రెండిటితోనూ సంబంధాలు పెట్టుకుంది. అంటే అక్కడ చుట్టాలు రెండు పెళ్లిళ్లకూ వెళ్లొచ్చు.

చైనా విషయంలో ఆ వెసులుబాటు ఇప్పటికీ లేదు. పత్రిక ఒకటే. కాబట్టి ఏ జంట గురించి చదువుతున్నా నోటుబుక్కులో మొదటి గడిలో రాయాల్సింది ఇదే: రెండు ఇళ్లకూ వెళ్లనిస్తారా, లేదా?

క్రియాపదం కింద గీత గీయండి

తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందుకే ఎక్కువసేపు నిలబడతాను.

1979 జనవరి 1 నుంచి అమెరికా బీజింగ్‌తో సంబంధాలు మొదలుపెట్టింది. ఆ ప్రకటనలో రెండు వేర్వేరు క్రియలున్నాయి. చైనాకు ఏకైక చట్టబద్ధ ప్రభుత్వంగా బీజింగ్‌ను 'గుర్తిస్తున్నాం' అన్నారు. తైవాన్ చైనాలో భాగమనే చైనా వాదన దగ్గరికి వచ్చేసరికి, 'ఆ వాదన ఉందని మాకు తెలుసు' అన్నంత వరకే వాడే ఇంకో క్రియ వేశారు. మన నోట్సుల్లో రెండూ కలిసిపోయి 'తైవాన్ చైనాలో భాగమని అమెరికా అంగీకరించింది' అని తయారవుతుంది. అది తప్పు.

పక్కింటామె వచ్చి "మా కోడలు బొత్తిగా మాట వినదు వదినా" అంటే మనం "ఊఁ, అట్లనా" అంటాం. ఊఁ కొట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు. రేపు ఆ కోడలు ఎదురైతే మనం ఇబ్బంది పడకూడదు గదా! అమెరికా కొట్టింది ఊఁ. 1970లో కెనడా ఇంకాస్త పొడిగా, ఆ వాదనను 'గమనంలోకి తీసుకుంటున్నాం' అంది. 1972లో జపాన్ 'అర్థం చేసుకుని గౌరవిస్తున్నాం' అంది. ఒక్కో క్రియ వెనక నెలల తరబడి బేరం ఉంటుంది. మా పిల్లలతో ఈ మూడింటినీ ఒకే పేజీలో పక్కపక్కన రాయిస్తాను. ఏ క్రియ తర్వాత ఎంత సందు మిగిలిందో వాళ్లకే కనబడుతుంది.

అసలు క్రియే లేని దేశాలూ ఉన్నాయి. 1930లో మెక్సికో విదేశాంగ మంత్రి ఎస్ట్రాడా, ఏ ప్రభుత్వం మంచిదో చెప్పడం మా పని కాదు, రాయబారిని ఉంచుతామో తీసేస్తామో అంతే అన్నాడు. బ్రిటన్ కూడా 1980 నుంచి మేం రాజ్యాలను గుర్తిస్తాం, ప్రభుత్వాలను కాదు అంటోంది. అలాంటి చోట ప్రకటన కోసం వెతక్కండి. రాయబార కార్యాలయం తాళం ఎవరి చేతిలో ఉందో చూడండి.

కుర్చీ, తాళం, డబ్బు

ఎంతమంది గుర్తించారన్న సంఖ్య కంటే ముందు న్యూయార్క్‌లో కుర్చీ ఎవరిదో చూడాలి. 1971 అక్టోబరు 25న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2758వ తీర్మానం చేసింది. అనుకూలం 76, వ్యతిరేకం 35, తటస్థం 17. అంతవరకూ చైనా కుర్చీలో ఉన్న తైపీ (తైవాన్ రాజధాని) వాళ్లు లేచిపోయారు, బీజింగ్ వాళ్లు వచ్చారు. భద్రతామండలి వీటో కూడా ఆ కుర్చీతోపాటే వచ్చింది. మన దేశం అనుకూలంగానే ఓటేసింది. 1949 డిసెంబరు 30నే మనం బీజింగ్‌ను గుర్తించాం, 1950 ఏప్రిల్ 1 నుంచి సంబంధాలున్నాయి. మధ్యలో 1962 యుద్ధం వచ్చినా ఆ గుర్తింపును వెనక్కి తీసుకోలేదు. గుర్తింపు అంటే ఇష్టం కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

కుర్చీ, నేల ఒకరి చేతిలోనే ఉండాలని కూడా లేదు. 1979 జనవరిలో వియత్నాం సైన్యం పొల్ పాట్‌ను కంబోడియా రాజధాని నుంచి తరిమేసింది. అయినా 1980లలో ఐక్యరాజ్యసమితి కుర్చీ పొల్ పాట్ పార్టీ అయిన ఖ్మేర్ రూజ్ పక్షం దగ్గరే ఉండిపోయింది. ఇందిరాగాంధీ ప్రభుత్వం 1980 జులైలో కొత్త పాలనను గుర్తించినప్పుడు సోవియట్ కూటమి దేశాలు తప్ప మన పక్కన పెద్దగా ఎవరూ లేరు. ఈ కుర్చీల తగాదా చూసేది 9 మంది సభ్యుల ఒక కమిటీ. దానికి తెలిసిన గొప్ప విద్య వాయిదా. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరిలో సైన్యం పగ్గాలు పట్టినా, పాత ప్రభుత్వం పంపిన రాయబారినే ఆ కుర్చీలో కొనసాగించారు.

డబ్బు కథ చెప్పాలంటే వెనెజువేలా. 2019లో ప్రతిపక్ష నాయకుడు గ్వాయిదో తానే తాత్కాలిక అధ్యక్షుణ్నని ప్రకటించుకుంటే 50కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. సైన్యం, నేల, ఐక్యరాజ్యసమితి కుర్చీ మాత్రం అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న మదురో దగ్గరే ఉన్నాయి. లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నేలమాళిగల్లో ఉన్న వెనెజువేలా బంగారం, సుమారు 31 టన్నులు, ఎవరికివ్వాలి? బ్రిటన్ తన మామూలు పద్ధతి పక్కనపెట్టి గ్వాయిదోను గుర్తించింది కాబట్టి, మదురో వేసిన కేంద్రబ్యాంకు బోర్డు అడిగినా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఇవ్వలేదు. కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 డిసెంబరులో సొంత పక్షంవాళ్లే ఓటేసి గ్వాయిదో ప్రభుత్వాన్ని ఎత్తేశారు. అప్పటికీ ఆ బంగారం ఆయన చేతికి రాలేదు.

ఆ చిన్న దేశానికి ఏం ముట్టింది?

ఈ గడి నింపేటప్పుడు మా పిల్లలకు హుషారు ఎక్కువ. నౌరు తీసుకోండి. మొత్తం 21 చదరపు కిలోమీటర్లు, జనం పన్నెండు వేల చిల్లర. గరుడసేవ రోజు తిరుమలలో ఒక్క మాడవీధి గ్యాలరీల్లో కూర్చునే జనమంత కూడా ఉండరు. అలాంటిది 2002లో బీజింగ్ వైపు వెళ్లింది, 2005లో తైపీ వైపు తిరిగొచ్చింది, 2024 జనవరి 15న మళ్లీ బీజింగ్ వైపు పోయింది. తైవాన్ అధ్యక్ష ఎన్నిక అయిన రెండో రోజు అది. తారీఖు పక్కన ఇంకేం జరిగిందో కూడా రాసుకోమనేది ఇందుకే.

కోస్టారికా 2007లో బీజింగ్‌కు మారింది. చైనా 30 కోట్ల డాలర్ల బాండ్లు కొంది, 2011 నాటికి 35 వేల మంది పట్టే స్టేడియం కట్టి ఇచ్చింది. అటువైపు వాళ్లేమీ తక్కువ తినలేదు. పాపువా న్యూగినీ గుర్తింపు కోసం తైవాన్ ఇద్దరు మధ్యవర్తులను నమ్మి సుమారు 3 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. 2008లో ఆ సంగతి బయటపడి విదేశాంగ మంత్రి, ఉప ప్రధాని రాజీనామా చేశారు. డబ్బు పోయింది, గుర్తింపూ రాలేదు. స్థలం చూపించి అడ్వాన్సు తీసుకుని మాయమైన బ్రోకర్ల కథలు మనకు కొత్తవా?

దెబ్బ కూడా రాసుకోవాలి. 1999 జనవరిలో మాసిడోనియా తైవాన్‌ను గుర్తించింది. తర్వాతి నెలలోనే అక్కడి ఐక్యరాజ్యసమితి శాంతిదళం గడువు పొడిగింపుకు చైనా వీటో అడ్డుపెట్టింది. 2001లో మాసిడోనియా వెనక్కి తిరిగింది.

ఇంత చిన్న దేశాల వెంట ఎందుకు పడతారని అడుగుతారు. ఐక్యరాజ్యసమితిలో తైవాన్‌కు మైకు లేదు. దాని తరఫున ఒక్క మాట మాట్లాడటానికి ఎవరో ఒకరు ఉండాలి.

గుర్తింపు లేని చోట బోర్డు చదవండి

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి శ్రీసిటీలో పనిచేసి మానేసి వచ్చింది. తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2015లో అక్కడ చైనా బ్రాండు షావోమీ ఫోన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. "అయితే మేడం, మనం తైవాన్‌ను గుర్తించలేదు, వాళ్ల ఫ్యాక్టరీలో మనవాళ్లు చైనా ఫోన్లు చేస్తున్నారు, అంతేనా?" అంది. అంతేనమ్మా.

అలాంటి సంబంధానికి రాయబార కార్యాలయం అన్న బోర్డు ఉండదు. ఢిల్లీలో 1995 నుంచి తైపీ ఆర్థిక, సాంస్కృతిక కేంద్రం ఉంది, చెన్నైలో 2012 నుంచి శాఖ ఉంది. తైపీలో మన ఆఫీసు పేరు ఇండియా-తైపీ అసోసియేషన్. ఒలింపిక్స్‌లో వాళ్ల పేరు చైనీస్ తైపీ. బోర్డు మీద 'తైపీ' ఉందా, 'తైవాన్' ఉందా అనేది చిన్న విషయం కాదు. 2021లో లిథువేనియా 'తైవాన్' అని రాయనిచ్చినందుకే చైనా తమ రాయబారిని వెనక్కి పిలిచి, సంబంధాల స్థాయి తగ్గించింది.

అఫ్గానిస్తాన్‌లో బోర్డు కథ ఇంకో రకం. 2021లో తాలిబాన్లు వచ్చాక, లాంఛనంగా గుర్తించిన మొదటి దేశం రష్యా, 2025 జులైలో. మన దేశం 2025 అక్టోబరులో కాబూల్‌లోని సాంకేతిక బృందాన్ని రాయబార కార్యాలయం స్థాయికి పెంచింది. 'గుర్తిస్తున్నాం' అన్న మాట మాత్రం అనలేదు. పరీక్షలో 'భారత్ తాలిబాన్‌ను గుర్తించింది' అని రాస్తే నేను మార్కు ఇవ్వను.

మ్యాపు సంగతి

నౌరు పోయాక మిగిలిన 12: గ్వాటెమాలా, బెలీజ్, పరాగ్వే, హైతీ, సెయింట్ కిట్స్, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, ఎస్వాతిని, వాటికన్, పలావు, మార్షల్ దీవులు, టువాలు. మీరు అంటించే రోజున మళ్లీ ఒకసారి సరిచూసుకోండి. సెయింట్ లూసియా కూడా ఒకసారి అటు వెళ్లి 2007లో ఇటు వచ్చిందే. బొట్టు ఊడదీసినప్పుడు నోటుబుక్కులో తారీఖు, క్రియ, ముట్టింది రాయకుండా ప్యాకెట్టు మూయకండి. రేపు రాద్దామంటే మర్చిపోతారు.

నౌరు దగ్గర జిగురు మరక పోక, కొబ్బరినూనె రాసి గట్టిగా తుడిచాను. పసిఫిక్ సముద్రం నీలం కూడా కొంచెం లేచివచ్చింది. మెల్లగా తుడవండి. బొట్టుబిళ్లలు అన్నిటికంటే చిన్న సైజువే కొనండి. పెద్దవైతే కరీబియన్‌లో మూడు దేశాలూ ఒక్క బొట్టు కిందకే పోతాయి.