వీణ మీద బర్నింగ్ పెన్ పెట్టే ముందు

మొన్న మాకు తెలిసిన కుర్రాడొకడు బర్నింగ్ పెన్నుతో, అంటే కరెంటుతో వేడెక్కే మొనతో కర్ర మీద బొమ్మలు కాల్చే పెన్నుతో, పాత వీణ కుండ (గుండ్రటి పెద్ద భాగం) మీద లతలు కాలుద్దామని కూర్చుని, కాసేపటికే దగ్గు ఆగక ఆస్పత్రికి పరిగెత్తాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడులెండి. తలుపులు మూసుకుని కూర్చోవడం ఒక తప్పైతే, అసలు తప్పు పాలిష్ తీయకుండా దాని మీదే కాల్చడం. దసరా వస్తోంది, మూలా నక్షత్రం పూజకని పాత వీణలు దించి ముస్తాబు చేసేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నా. చెయ్యి కాలుతుంది, పిల్లల్ని దూరం పెట్టండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

పాలిష్ మీద కాల్చొద్దు. పెన్ను మొన 400 డిగ్రీల దాకా, ఒక్కోసారి అంతకు మించి వేడెక్కుతుంది. లక్క పాలిషైనా, మెలమైన్ పాలిషైనా, పీయూ (పాలీయురెథేన్) పాలిషైనా ఆ వేడికి మాడి వచ్చే పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. "పలచగానే ఉందండీ" అంటారు. పలచగా ఉన్నా పాలిషే! నీటి చుక్క వేసి చూడండి: పూసలా నిలబడితే పాలిషో నూనో ఇంకా ఉన్నట్టే, కర్రలోకి ఇంకితే ఉత్త కర్ర తేలినట్టు. పాలిష్ గీకేటప్పుడూ మాస్కు పెట్టుకోండి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. కొత్త వీణైతే, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించినా ఇంకెక్కడ చేయించినా, పాలిష్ వేయకముందే అడిగి తెచ్చుకోండి.

రెండోది మైనం. తీగ నొక్కి వాయించే మెట్లు కూర్చునేది దాని మీదే, తేనెమైనం 60 డిగ్రీలు దాటితే కరగడం మొదలెడుతుంది. 24 మెట్లలో రెండు జరిగినా మేళం, అంటే మెట్ల అమరిక, మళ్లీ కట్టించుకోవాల్సిందే. ముచ్చటంతా కుండ మీద తీర్చుకోండి, మెట్ల దగ్గరికి రావద్దు. అన్నట్టు పనస కర్ర ఏళ్లు గడిచేకొద్దీ ముదురు రంగుకి తిరుగుతుంది, లేత షేడ్లు వేస్తే అందులో కలిసిపోతాయి.

తంత్రులు ముందే తీసేయండి. కుండకి మూతలా ఉండే పలక మీద లోతుగా కాల్చొద్దు, అది పలచన, నాదం దాన్నుంచే. ప్లాస్టిక్ పట్టీల అంచుకి పోవద్దు. మెడ కింద ఉండే బుర్ర ఫైబర్‌దైతే దాని జోలికే వద్దు. అతుకుల దగ్గర ఆగండి, జిగురు వదిలేస్తుంది. స్పిరిట్‌తో తుడిచి వెంటనే పెన్ను పెట్టారా, భగ్గుమంటుంది. ఫ్యాను మొహం మీదకి కాదు, పొగని కిటికీ బయటికి తోసేలా పెట్టండి. స్టాండు లేకుండా మొదలెట్టొద్దు. కరెంటు పోతే ముందు ప్లగ్గు పీకండి, పెన్ను పేపరు మీద పడేసి టీకి వెళ్తారు, ఈలోగా కరెంటు వచ్చేస్తుంది. వేడి మొనని నీళ్లలో ముంచొద్దు. పాలిష్ మీద కాల్చొద్దు, మళ్లీ చెబుతున్నా. పూజ రేపనగా ఈ పని అసలే పెట్టుకోవద్దు.