షిప్పు ఎక్కే ముందు రాత్రి: శ్రీకాకుళం నుంచి విశాఖ పోర్టు దాకా

ఆర్టీసీలో 31 ఏళ్లు పనిచేశాను. ఆఖరి పదకొండేళ్లు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో కంట్రోలర్‌ని. బస్సు ఆలస్యమైతే ఇటు ప్రయాణికులూ అటు డిపో మేనేజరూ నన్నే తిట్టేవారు. అందుకేనేమో, 2025 జూలైలో విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లే క్రూజ్ షిప్పుకి మావాడు టికెట్లు తీసి, "నాన్నా, షిప్పు ఎక్కేదాకా నీ డ్యూటీ, ఎక్కాక నాది" అన్నాడు. మొత్తం తొమ్మిది మందిమి. మా అమ్మకి 81 ఏళ్లు, మనవరాలికి 5. అప్ప (మా అక్క), బావ పాలకొండ నుంచి రావాలి.

మన జిల్లా నుంచి ఇలా వెళ్లాలనుకునేవాళ్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. షిప్పులో ఏం తిన్నాం, ఏం చూశాం అన్నది ఇందులో ఉండదు. అది మావాడి డ్యూటీ.

ముందు టైమ్ సంగతి. టికెట్ మీద షిప్పు కదిలే టైమ్ ఒకటి, బోర్డింగ్ ఆపేసే టైమ్ ఇంకొకటి ఉంటాయి. మీకు లెక్క రెండోదే. మొదటిదాన్ని పెన్నుతో కొట్టేయండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు దాన్నే పట్టుకుని కూర్చుంటారు. బస్సైతే కండక్టర్‌ని బతిమాలి రెండు నిమిషాలు ఆపొచ్చు. షిప్పు దగ్గర బతిమాలడానికి మనిషే కనిపించడు.

ఆ టైమ్ నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. ఉదాహరణకి సాయంత్రం 4 గంటలకి బోర్డింగ్ ఆపేస్తారనుకుందాం. పోర్టు గేటు దగ్గర తనిఖీ, లోపల సామాను అప్పగించడం, కాగితాలు చూపించడం, క్యూ, ఇవన్నీ కలిపి 2 గంటలు. అంటే 2 గంటలకి గేటు దగ్గరుండాలి. హోటల్ నుంచి పోర్టుకి అరగంట. సామాను కిందికి దించి బండికి ఎత్తడానికి పావుగంట. మా అమ్మ గదిలోంచి బండి దాకా రావడానికి ఇంకో పావుగంట. ఇది ఊహ కాదు, ముందు రోజు వాచీ పెట్టుకుని చూశాను. ఆ పైన ఊరికే ఒక అరగంట. దాన్ని మేం లేఓవర్ అంటాం. ఆ అరగంట లేని చార్టు కాగితం మీదే నడుస్తుంది, రోడ్డు మీద నడవదు. మొత్తం మీద 12:30కి గది తాళం వెయ్యాలి.

ఇక్కడే మా బావ అడ్డుపడ్డాడు. "ఏటోయ్, పొద్దున్నే నాన్‌స్టాప్ ఎక్కితే పదింటికల్లా ఇశాపట్నంలో దిగిపోతాం. లాడ్జీ డబ్బులు దండగ కాదేటి?" ఆయన మాటలో అబద్ధం లేదు. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు, రెండున్నర మూడు గంటల దారి. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు మనలో వందల మంది ఉన్నారు. కానీ వాళ్లకి ఈ బస్సు పోతే ఇంకో బస్సుంది.

జూలై అని చెప్పాను కదా, పంచాంగం కూడా చూడాలి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. 2025లో అది జూలై 9న మొదలైంది. ఆ నడక దారి అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, మద్దిలపాలెం మీదుగా సాగుతుంది. మనం శ్రీకాకుళం నుంచి హైవే మీద ఊళ్లోకి దిగేది కూడా మధురవాడ దాటి ఆ హనుమంతవాక మీదుగానే. ఆ రోజు ట్రాఫిక్ మళ్లిస్తారు. మీ షిప్పు ఆ రోజో మర్నాడో ఉంటే ఒక రాత్రి కాదు, రెండు రాత్రుల ముందే ఊళ్లో దిగడం మంచిది. మా అమ్మ "అప్పన్నని చూడకుండా సముద్రం మీద కెళ్లడమేటి" అంది. షిప్పు ఎక్కే రోజు పొద్దున దర్శనం పెట్టుకోవద్దు. క్యూ ఎంతసేపో మన చేతిలో ఉండదు. ముందు రోజు దారిలో ఆనందపురం దగ్గర తిరిగి, దర్శనం చేసుకుని ఊళ్లోకి వెళ్లాం. ఆవిడ మనసూ కుదుటపడింది, నా చార్టూ చెదరలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కు విషయం, చుట్టాలు. శ్రీకాకుళం వాళ్లకి విశాఖలో చుట్టాలు లేకపోవడం అంటూ ఉండదు. మధురవాడలో ఒకరు, మర్రిపాలెంలో ఒకరు, గాజువాకలో నలుగురు. మా మేనల్లుడు గాజువాకలో ఉంటాడు. సంగతి తెలియగానే ఫోన్ చేశాడు. "ఏటి మావా, మా ఇల్లుండగా లాడ్జీలో దిగుతారా? నలుగురూ ఏటనుకుంటారు?"

వెళ్లకూడదని కాదు. వెళ్తే ఏమవుతుందో చెప్తాను. రాత్రి పదకొండు దాకా కబుర్లు. తొమ్మిది మందికి ఒక బాత్రూమ్. పొద్దున టిఫిన్ తిని కదులుదామంటే "భోజనం చెయ్యకుండా ఎలా ఎల్తారు" అంటారు. చేపల పులుసు పొయ్యి మీద ఉంటుంది, అది ఉడకకుండా మీరు గడప దాటలేరు. బొట్టు పెట్టి చీర ఇచ్చేదాకా ఆడవాళ్లు కదలరు, ఆ చీర పెట్టడానికి సూట్‌కేసు మళ్లీ తెరవాలి. పైగా గాజువాక నుంచి పాతూరు వైపు రావాలంటే పోర్టు లారీల మధ్యలోంచి రావాలి. నా లెక్కలో చుట్టాలింటి బసకి మూడు గంటల లేఓవర్ కావాలి.

కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు కదా అంటారా? నేను చేసింది ఇది. "నువ్వే పిల్లల్ని తీసుకుని రాత్రి భోజనానికి మా దగ్గరికి రా, మామ్మని చూసినట్టుంటుంది" అన్నాను. వచ్చారు, తిన్నారు, చీర అక్కడే పెట్టారు, తొమ్మిదిన్నరకి వెళ్లిపోయారు. భోజనం ఖర్చు నాకైంది గానీ పొద్దున నా చేతిలో ఉంది.

బండి. నాన్‌స్టాప్ బస్సు మన సర్వీసే, నాకు ప్రేమే. ఇద్దరు ముగ్గురైతే హాయిగా అందులో వెళ్లండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్ డబ్బుల్లేవు (నాన్‌స్టాప్‌కి అది వర్తించదు) కాబట్టి మా అప్ప మళ్లీ ప్రయాణమంటే ఆ మాటే ఎత్తుతుంది. కానీ ఏడు సూట్‌కేసులతో, మోకాళ్ల నొప్పుల మనిషితో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి మళ్లీ ఆటోలు మాట్లాడుకోవడం నేను ఒప్పుకోలేదు. రైలు సంగతీ అంతే. పేరుకి శ్రీకాకుళం రోడ్ గానీ స్టేషన్ ఉన్నది ఆముదాలవలసలో. టౌన్ నుంచి అక్కడికో బండి, విశాఖ స్టేషన్ నుంచి హోటల్‌కి ఇంకో బండి. సామాను మూడుసార్లు ఎత్తి దించాలి.

పన్నెండు సీట్ల ట్రావెలర్ మాట్లాడాను. సీట్లు పన్నెండని పన్నెండు మంది ఎక్కితే సామాను ఒళ్లో పెట్టుకోవాలి. తొమ్మిది మందికి సరిగ్గా సరిపోయింది. మాట్లాడేటప్పుడు నాలుగు విషయాలు తేల్చుకోండి: దింపి రావడమే అయినా రానూపోనూ కిలోమీటర్లు లెక్కేస్తారా, టోల్ ఎవరిది (నాతవలస దగ్గర ఒకటుంది, టెక్కలి పలాసల నుంచి వచ్చేవాళ్లకి మడపం కూడా), డ్రైవర్ బత్తా ఎంత, సింహాచలం కొండ ఎక్కితే దానికి అదనమా. అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. ట్రావెలర్‌ని రాత్రికి ఆపుకోవద్దు. నైట్ హాల్ట్ డబ్బులతో మర్నాడు పోర్టుకి నాలుగు ఆటోలు వస్తాయి.

హోటల్ పోర్టుకి దగ్గరగా ఉండాలి. జగదాంబ, సూర్యాబాగ్, బీచ్ రోడ్డు చుట్టుపక్కల చూసుకోండి. మధురవాడలో చవగ్గా దొరుకుతుంది నిజమే, కానీ అప్పుడు ఊరంతా దాటాలి. విశాఖలో చాలా లాడ్జీలకి 24 గంటల చెక్అవుట్ ఉంటుంది, పెద్ద హోటళ్లకి పొద్దున 11 అనో మధ్యాహ్నం 12 అనో గడువుంటుంది. షిప్పువాళ్లకి మొదటిదే మేలు. సాయంత్రం 4కి దిగితే మర్నాడు 4 దాకా గది మీదే, మనం బయల్దేరే 12:30 దాకా పిల్లలు మంచం మీద దొర్లొచ్చు. రెండోదైతే ఆఖరి గంట లాబీలో సామాను మీద కూర్చోవాలి.

నాకు ఎదురుదెబ్బ తగిలింది ఇక్కడే. ఫోన్‌లో "మూడు గదులూ ఒకే ఫ్లోర్, లిఫ్ట్ ఉంది సార్" అన్నారు. తీరా వెళ్తే రెండు గదులు మొదటి అంతస్తులో, ఒకటి మూడో అంతస్తులో. లిఫ్ట్ ఉంది, దాని తలుపుకి తాడు కట్టి ఉంది. కౌంటర్‌లో కుర్రాడు "రేపు బాగవుతుంది" అన్నాడు. అమ్మ ఇరవై రెండు మెట్లు ఎక్కింది. ప్రతి మెట్టు మీదా ఆగి నన్ను చూసింది, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కాబట్టి "లిఫ్ట్ ఉందా" అని అడక్కండి, "లిఫ్ట్ ఇవాళ నడుస్తోందా" అని అడగండి, ఆ రోజు పొద్దున ఇంకోసారి. వెస్టర్న్ టాయిలెట్ ఉన్న గది పెద్దవాళ్లకి రాయించండి. పెద్దవాళ్లందరి ఐడీ కార్డులు అడుగుతారు, జిరాక్సులు ఇంటి నుంచే తెచ్చుకోండి.

కాగితాలు బయల్దేరే ముందు రోజు చూసుకునేవి కావు, టికెట్ తీసే రోజు చూసుకోవాల్సినవి. మన పేర్లతో వచ్చే తంటా తెలిసిందే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, టికెట్‌లో పొడి అక్షరం. ఒకచోట పేరు చివర "అమ్మ" ఉంటుంది, ఇంకోచోట ఉండదు. మా అమ్మకి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. మన ఊళ్లలో సగం మంది ముసలివాళ్లు ఆ రోజే పుట్టారు. టికెట్‌లోనూ అదే వెయ్యాలి, ఇంట్లో చెప్పుకునేది కాదు. పిల్లలకి ఏం కావాలో టికెట్‌లోనే రాసి ఉంటుంది. వెబ్ చెక్ఇన్ ఇంటి దగ్గరే చేసి ప్రింట్ తీసుకున్నాం. ఒరిజినల్స్ అన్నీ ఒకే జిప్ సంచిలో, ఆ సంచి మా కోడలి మెడలో. నాకు ఇవ్వలేదు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కునే మనిషిని, ఇవ్వకపోవడమే న్యాయం.

టెర్మినల్‌లో పెద్ద సామాను ట్యాగ్ వేసి తీసుకుంటారు. అది మీ క్యాబిన్‌కి గంటల తర్వాత వస్తుంది. అందుకని మందులు, కళ్లజోళ్లు, ఫోన్ ఛార్జర్లు, పిల్లలకి ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. అమ్మ బీపీ బిళ్లలు రెండు చోట్ల పెట్టాం. ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటివి షిప్పులోకి రానివ్వరు, నిప్పు భయం. మా ఆవిడ ఆవకాయ సీసా చీరల మధ్య దాచింది. బయట తిండి కూడదని కాగితంలో ఉందని చూపిస్తే "ఆవకాయ తిండేటి, ఆవకాయ ఆవకాయే" అంది. రాత్రి మా మేనల్లుడి పిల్లల చేతికిచ్చి పంపించేశాం.

ఆ రాత్రి భోజనం ఇడ్లీ, పెరుగన్నం. విశాఖ వచ్చాం కదా అని బొంగులో చికెన్, రొయ్యల వేపుడు అంటారు పిల్లలు. ఇంకో రోజు తిందురుగాని. జూలైలో బంగాళాఖాతం ఊగుతుంది, కడుపు ముందే పాడైతే అక్కడ రెండింతలు బాధ. వాంతి బిళ్లలు డాక్టర్ని అడిగి తెచ్చుకున్నాం.

మర్నాడు జరిగింది చెప్తాను, మీరు చెయ్యకండి. మూడు ఆటోలు ముందు రోజు రాత్రే మాట్లాడాను. ముగ్గురికీ "పోర్టుకి" అని చెప్పాను. రెండు సరిగ్గా వచ్చాయి. మూడోది, అప్ప, బావ ఎక్కింది, కాన్వెంట్ జంక్షన్ వైపు సరుకు లారీలు వెళ్లే గేటు దగ్గరికి పోయింది. ఆటో అబ్బాయి తప్పేం లేదు. పోర్టంటే పోర్టే. ఇంటర్నేషనల్ క్రూజ్ టెర్మినల్ ఉన్నది ఔటర్ హార్బర్‌లో. సుమారు 96 కోట్లు పెట్టి కట్టి 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. ప్రయాణికుల షిప్పులు రోజూ వచ్చేవి కావు, ఆటోవాళ్లకి ఆ దారి అలవాటు లేదు. ఫోన్‌లో బావ గొంతు వణికింది. "ఇక్కడన్నీ లారీలే కనిపిస్తన్నాయ్, షిప్పేదోయ్?" నా అరగంట లేఓవర్‌లో ఇరవై రెండు నిమిషాలు అక్కడే ఖర్చయ్యాయి. అప్పటినుంచి లాడ్జీ డబ్బుల మాట ఆయన ఎత్తలేదు.

కాబట్టి "క్రూజ్ టెర్మినల్, ఔటర్ హార్బర్" అని చెప్పి, ప్రతి బండిలో ఒకరి ఫోన్‌లోకి లొకేషన్ పంపండి. అన్ని బళ్లూ హోటల్ ముందు నుంచి ఒకేసారి కదలాలి. ముసలివాళ్లు, కాగితాల సంచి మొదటి బండిలో. ఆఖరి బండిలో మీరు.

తిరుగు ప్రయాణం కూడా ఆ రోజే తేల్చేసుకోండి, మన షిప్పు ఆగేది చెన్నైలో. దిగే టైమ్‌కి కనీసం ఆరు గంటల తర్వాత బయల్దేరే రైలుకే టికెట్ తీయండి. ఆముదాలవలసలో ఆగే బండి దొరికితే విశాఖలో మారే పని ఉండదు. ఆ బండి అర్ధరాత్రి, తెల్లవారుజాము వేళ వస్తుంటే టౌన్ నుంచి బండి ముందే చెప్పి ఉంచుకోండి. ఆ టైమ్‌లో స్టేషన్ బయట ఆటోవాడు చెప్పిందే రేటు, వాడు మా బంధువే అయినా సరే.