చిన్న మిల్లింగ్ మెషిన్‌కు డిజిటల్ స్కేళ్లు: నా అనుభవం

మా ఇంటి వెనుక గదిలోని చిన్న మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే యంత్రం) మీద హ్యాండిల్ తిప్పే దిశ మార్చినప్పుడల్లా, టేబుల్‌ను నడిపే లీడ్ స్క్రూకూ నట్టుకూ మధ్య ఉన్న ప్లే (కాస్త ఖాళీ) వల్ల టేబుల్ కదలకుండానే డయల్ గీతలు జరిగిపోయేవి. పైగా అది అంగుళానికి 16 మరల స్క్రూ కావడంతో చుట్టుకు 1.5875 మిల్లీమీటర్ల చొప్పున లెక్క కట్టుకోవలసి వచ్చేది. అందుకే టేబుల్ కదలికనే నేరుగా కొలిచే కెపాసిటివ్ స్కేళ్లను (విద్యుత్ కెపాసిటెన్స్‌లో మార్పును బట్టి స్థానాన్ని అంకెల్లో చూపే కొలబద్దలను) మూడు దిశలకూ బిగించాను.

అసలు శ్రమంతా స్కేలును టేబుల్ నడకకు సమాంతరంగా నిలపడంలోనే ఉంది. డయల్ గేజ్ (అతి చిన్న కదలికను ముల్లుతో చూపే సాధనం) మొనను స్కేలు అంచుకు ఆనించి, టేబుల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నడుపుతూ, ముల్లు కదలిక 0.05 మిల్లీమీటర్ల లోపుకు వచ్చేవరకు బ్రాకెట్ కింద పల్చటి రేకు ముక్కలు ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ పోయాను. దానికే ఒక పూట పట్టింది.

తీరా మోటారు వేయగానే, దాని విద్యుత్ అలజడికి స్కేళ్లు చూపే అంకెలు ఎగిరిపడ్డాయి. స్కేళ్లకు షీల్డు (ఆ అలజడిని అడ్డుకునే లోహపు తొడుగు) ఉన్న కేబుళ్లు వేసి, వాటిని మోటారు తీగలకు దూరంగా మళ్లించి, షీల్డును ఒక కొసన మాత్రమే ఎర్త్‌కు కలిపాక అవి నిలకడగా నిలిచాయి. కూలెంట్ (కోతలో వేడి తగ్గించే ద్రవం) తడి తగిలితే ఈ రకం స్కేళ్లు తప్పు కొలత చూపుతాయి కనుక, పైన అల్యూమినియం యాంగిల్‌ను చూరులా అమర్చాను.

స్క్రూలోని ప్లే మాత్రం పోలేదు. కోత సమయంలో కదలకూడని దిశలో టేబుల్ లాకును ఇప్పటికీ బిగిస్తున్నాను.