మాట లోపలికి – 9: అబ్ధి

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ‘జలధి’ పాఠంలో తొందరపడి ఒక కిటుకు చెప్పాను: మాట చివర ‘ధి’ వినబడితే సముద్రం అనుకోండి అని. మీరు దాన్నే గట్టిగా పట్టుకుని ‘ఇరవయ్యో శతాబ్ధి’ అని ఒత్తు తగిలించి పంపారు. ఒకరైతే, సముద్రం ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి ఏడాది అనే ‘అబ్దం’ నుంచి సముద్రం అనే ‘అబ్ధి’ పుట్టిందని రాశారు. ఊహ బాగుంది, మార్కులు మాత్రం లేవు.

అందుకని ఇవాళ ఒక్క మాటే. సంస్కృతంలో ‘అప్’ అంటే నీళ్లు. ‘ధి’ అంటే ఉంచుకునేది, ఆ సంగతి పోయినసారే అయిపోయింది. నీళ్లను తనలో ఉంచుకున్నది అబ్ధి. ప్ కాస్తా బ్ ఎందుకయిందంటే, వాక్ + దేవి వాగ్దేవి అయినట్టే.

తెలుగులో ఇది ఒంటరిగా తిరగడం తక్కువ, సమాసం చివర చేరుతుంది. కార్తీక శుద్ధ ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ పెట్టి పూజ చేస్తారే, అది క్షీరాబ్ధి ద్వాదశి. క్షీరాబ్ధి అంటే పాలసముద్రం. భవాబ్ధి, కరుణాబ్ధి పద్యాల్లో, కీర్తనల్లో కనిపిస్తాయి. మామూలు వచనంలో అబ్ధి అని రాస్తే నాకు పడదు. హాయిగా సముద్రం అనండి, ముచ్చటపడితే కడలి అనండి. చేపల వేటకెళ్లేవాళ్లు ‘సంద్రం’ అంటారు, నాకు అన్నిటికన్నా అదే ఇష్టం.

ఇక ఆ ఒత్తు గొడవ. ‘అప్’కు ‘ద’ చేర్చితే నీళ్లు ఇచ్చేది, అబ్దం. అంటే మేఘం. అదే మాటకు సంవత్సరం అనే అర్థమూ ఉంది. వింతేం కాదు, ‘వర్షం’ చూడండి: వానా అదే, ఏడాదీ అదే. వంద అబ్దాలు కలిస్తే శతాబ్దం, శతాబ్ది. ఆ చివరి ఇకారం సమాసం వల్ల వచ్చింది, దానికీ మన ‘ధి’కీ చుట్టరికం లేదు.

ఒక బడికి వందేళ్లు నిండితే గేటుకు ఫ్లెక్సీ కట్టారు: ‘శతాబ్ధి ఉత్సవాలు’. మనిషెత్తు అక్షరాలు! బడి వందేళ్లు నడిచిందా, వంద సముద్రాలు ఈదిందా? ప్రింటు చేసిన కుర్రాణ్ణి అడిగితే, “ఒత్తుంటే నిండుగా ఉంటుంది కదండీ” అన్నాడు.

మాట్లాడేటప్పుడు మన నోళ్లు ద, ధలకు పెద్ద తేడా చూపించవు, కాబట్టి చెవిని నమ్మకండి. నేనైతే ఆ చోట ‘ఏళ్లు’ పెట్టి చూస్తాను. శతాబ్ది, వందేళ్లు: కుదిరింది, ఒత్తు లేదు. సహస్రాబ్ది, వెయ్యేళ్లు: లేదు. షష్ట్యబ్ది, అరవయ్యేళ్లు: లేదు. క్షీరాబ్ధి, పాల ఏళ్లా? ఒత్తు పెట్టండి. ‘సప్తాబ్ధులు’ మాత్రం ఈ పరీక్షకు లొంగదు. ఏడేళ్లూ కుదురుతాయి, ఏడు సముద్రాలూ కుదురుతాయి. అక్కడ పద్యం దేని గురించో చూసుకోవాల్సిందే.

అభ్యాసం. పాత శాసనాల్లో శకసంవత్సరాన్ని అంకెలకు బదులు మాటల్లో చెప్పే అలవాటుంది. చంద్రుడు 1, నేత్రం 2, అగ్ని 3, బాణం 5, ఋతువు 6, ముని 7, వసువు 8, నందులు 9, ఆకాశం సున్న. అబ్ధి 4, నాలుగు దిక్కులా సముద్రాలు కాబట్టి. మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కణ్నుంచి ఎడమకు జరగాలి. ‘అబ్ధి, నేత్ర, అగ్ని, చంద్ర’ అంటే ఏ శకసంవత్సరం? 78 కలిపి క్రీస్తుశకంలో చెప్పండి. తర్వాత మీరు పుట్టిన ఏడాదిలోంచి 78 తీసేసి (ఉగాదికి ముందు పుట్టినవాళ్లు 79) మాటల్లో రాయండి. నాది 1884: అబ్ధి, వసు, వసు, చంద్ర. మీదాంట్లో 4 లేకపోతే ఇంట్లోవాళ్లవి వెతకండి, అబ్ధి తగిలేదాకా. ఒత్తుతో.