మలేరియా పోస్టర్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి వైపు బడుల్లో డ్రాయింగ్ క్లాసులో మలేరియా పోస్టర్లు వేయబోతున్న పిల్లలూ, రంగు ముట్టుకునే ముందు ఇది చదవండి.

మొదట దోమ. చాలామంది ఒంటి మీద తెల్ల చారలున్న దోమను గీసేస్తారు, కానీ అది డెంగీ తెచ్చే ఏడిస్, ఎక్కువగా పగలే కుడుతుంది. మలేరియా తెచ్చేది ఆడ అనాఫిలిస్. సాయంత్రం నుంచి తెల్లారేదాకా కుడుతుంది, వాలినప్పుడు వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అలాగే గీయండి.

సంతకు వచ్చి మీ పోస్టర్ చూసేవాళ్లలో ఒడియా చదివేవాళ్లూ తెలుగు చదివేవాళ్లూ ఉంటారు, అసలు చదువు రానివాళ్లూ ఉంటారు. బొమ్మ చూస్తేనే విషయం తెలియాలి: దోమతెరలో పడుకున్న పిల్లలు, జ్వరం రాగానే రక్త పరీక్ష, అంతే చాలు. పుర్రెలు, శవాలు వద్దు, భయపడ్డవాళ్లు పరీక్షకే రారు. మీ ఊళ్లో జబ్బుపడ్డ మనిషిని గుర్తుపట్టేలా అస్సలు గీయకండి, అది వాళ్లను చాలా బాధపెడుతుంది.

ఒడియా మాటలు ముందు పెన్సిల్‌తో రాసి, ఒడియా మాస్టారికి చూపించాకే రంగు దిద్దండి.

ఆసుపత్రి గుర్తుగా తెలుపు మీద ఎర్ర క్రాస్ వేయొద్దు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం దాన్ని అనుమతి లేకుండా వాడకూడదు.

పది అడుగుల నుంచి కనబడాలంటే అక్షరం అంగుళం ఎత్తైనా ఉండాలి. తెలుపు మీద పసుపు వద్దు.

పోస్టర్ కలర్ తడిస్తే కారిపోతుంది, మనకేమో దోమలు ఎక్కువయ్యేది వానల్లోనే, అందుకని బయట అంటించేదైతే ప్లాస్టిక్ షీటు ముందే తెచ్చిపెట్టుకోండి, గోడ ఎవరిదో వాళ్లనీ అడగండి.