ఎదిగే వయసు గురించి పిల్లలకు చెప్పడం – మూడో పాఠం: చీటీలకు జవాబులు

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి దగ్గర మొదలై అండాశయాలు, వృషణాల దాకా హార్మోన్లు నడిచే దారిని బోర్డు మీద గీయడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. బొమ్మ గీస్తే పిల్లలు చక్కగా దించుకుంటారు, తలలూపుతారు. తమకు నిజంగా కావలసింది మాత్రం అడగరు. అడగాలంటే నలుగురిలో లేచి నిలబడాలి కదా! అందుకే ఈసారి చీటీల పద్ధతి.

అందరికీ ఒకే కొలత కాగితాలు ఇవ్వండి. "సందేహం ఉన్నవాళ్లే రాయండి" అనకండి. అలా అంటే ఎవరి పెన్ను కదులుతోందా అని పక్కవాళ్లు చూస్తారు. సందేహం లేనివాళ్లు పోయిన పాఠంలో గుర్తున్న రెండు వాక్యాలు రాయాలి. పేరు రాయక్కర్లేదని చెప్పండి. దాంతోపాటు, ఎవరైనా ప్రమాదంలో ఉన్నారని చీటీ చూసి అనిపిస్తే తప్పకుండా సాయం చేసేవాళ్లకు చెబుతానని కూడా ముందే చెప్పండి. చీటీలన్నీ ఒక డబ్బాలో వేయించండి. ఆ డబ్బా క్లాసులో తెరవొద్దు. ఇంటి దగ్గర తీరిగ్గా చదివి, ప్రశ్నలన్నీ మీ చేతిరాతలో మళ్లీ రాసుకోండి. ఎవరి రాత ఎలా ఉంటుందో పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

చదువుతూ పోతే ఒకటి అర్థమవుతుంది. చీటీలో ఉన్నది మొటిమైనా, గొంతైనా, ఎత్తైనా, దాని వెనకున్న భయం ఒకటే: "నాలో ఏదైనా లోపముందా?" కాబట్టి జవాబులో మొదటి వాక్యం ఆ భయానికి, రెండోది శరీరంలో జరిగేదానికి, మూడోది ఎప్పుడు పెద్దవాళ్లకు చెప్పాలన్నదానికి. ఈ పాఠంలో సాధన చేయాల్సింది ఈ వరుసే.

ఒక చీటీ చూద్దాం. "ఛాతీ మీద ఒకవైపే గడ్డలా ఉంది. ముట్టుకుంటే నొప్పి. జబ్బా?"

మనలో చాలామంది "ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ప్రభావం వల్ల..." అని అందుకుంటాం. ఆ చీటీ రాసిన బిడ్డ చివరిదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. ఇలా చెప్పి చూడండి: "సాధారణంగా ఇది జబ్బు కాదు. ఆడపిల్లల్లో ఎదుగుదల తరచూ ఇలాగే మొదలవుతుంది. ఒకవైపు ముందు, రెండోవైపు కొన్ని నెలల తర్వాత రావచ్చు, నొప్పీ ఉండొచ్చు. అక్కడ చర్మం ఎర్రబడినా, చీముగానీ రక్తంగానీ కారినా ఇంట్లో చెప్పి డాక్టరుకు చూపించుకోవాలి."

అక్కడితో ఆపేయకండి. ఆ చీటీ మగపిల్లాడు కూడా రాసి ఉండొచ్చు! ఈ వయసులో సుమారు సగంమంది మగపిల్లల్లో ఛాతీ కొద్దిగా ఉబ్బుతుంది. చాలామందికి ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. "ఆడపిల్లల్లో" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ అబ్బాయి భయం రెట్టింపవుతుంది. రాసింది ఎవరో తెలియనప్పుడు ఇద్దరికీ సరిపడేలా చెప్పాలి.

"నా ఫ్రెండ్స్ అందరికీ వచ్చేసింది, నాకే రాలేదు." ఈ చీటీ రాని క్లాసు ఉండదు. దీనికి సగటు వయసు చెప్పొద్దు. చెబితే సగంమంది వెనకబడిపోయామనుకుంటారు, మిగతావాళ్లు తొందరపడ్డామనుకుంటారు. ఏ వయసు నుంచి ఏ వయసు దాకా అన్నది చెప్పండి. మార్పులు ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు. ఛాతీ ఎదగడం మొదలైన సుమారు రెండేళ్లకు నెలసరి వస్తుంది. ఆడపిల్లల్లో 8, మగపిల్లల్లో 9 ఏళ్లకంటే ముందే మార్పులు కనిపించినా, 13, 14 ఏళ్లు దాటినా ఏ మార్పూ లేకపోయినా, 15 ఏళ్లు నిండినా నెలసరి రాకపోయినా ఒకసారి డాక్టరుకు చూపిస్తే మంచిది.

నెలసరి చీటీలకు మాత్రం తీరిక పెట్టుకోండి. "క్యాలెండర్ ప్రకారం రావట్లేదు" అన్నదానికి మొదటి వాక్యం: "మొదటి రెండేళ్లలో ఇది మామూలే." అప్పట్లో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా కంగారు లేదు. మూడు నెలలు దాటినా రాకపోతే చూపించుకోవాలి. "ఒంట్లో రక్తమంతా పోతుందా?" అనీ అడుగుతారు, నవ్వకండి. ప్యాడ్ నిండా ఎర్రగా కనిపిస్తే పిల్లకు అలాగే అనిపిస్తుంది. నిజానికి నెలసరి మొత్తంలో పోయేది మామూలుగా 30–40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు. నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవాలని, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా ఏడు రోజులు దాటినా చెప్పాలని కూడా ఇక్కడే కలపండి. మగపిల్లల్ని బయటికి పంపి ఈ భాగం చెప్పడం నాకు నచ్చదు. రేపు తోటి అమ్మాయి బట్టల మీద మరక చూసి నవ్వేది తెలియనివాడే.

"నిద్రలో నిక్కరు తడిసింది. నేను పక్క తడిపానా?" కాదు అని ముందు చెప్పేయండి. శరీరం వీర్యం తయారుచేయడం మొదలుపెట్టింది, అందులో కొంత నిద్రలో బయటికొచ్చింది, అంతే. దీనివల్ల బలం తగ్గదు, చదువు చెడదు. కొందరికి అసలు ఇలా జరగదు, అదీ మామూలే.

చెమట వాసన, మొటిమలు, బొంగురు గొంతు గురించిన చీటీలు గుట్టలుగా వస్తాయి కానీ తేలిక. మూడింటినీ ఐదు నిమిషాల్లో ముగించొచ్చు. క్లాసును నవ్వించాలని రాసిన బూతు చీటీలో నిజమైన ప్రశ్న దాగి ఉంటే, దాన్ని మంచి మాటల్లోకి మార్చి మామూలు ముఖంతో జవాబు చెప్పండి. రెండోసారి అలాంటివి తగ్గుతాయి.

క్లాసులో చదవకూడని చీటీ ఒకటి రావచ్చు: "ఒకాయన నన్ను ముట్టుకుంటాడు, ఎవరికీ చెప్పొద్దంటాడు." దాన్ని పారేయకండి. పిల్లల రక్షణ బాధ్యత చూసేవాళ్లకు అదే రోజు అందించండి. చేతిరాతలు పోల్చి, పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి ఆరా తీయడం మీ పని కాదు. క్లాసులో మాత్రం అందరినీ ఉద్దేశించి, "ఇలా ఎవరికి జరిగినా తప్పు వాళ్లది కాదు, నా దగ్గరికి ఎప్పుడైనా రావచ్చు" అని చెప్పండి.

అభ్యాసం: కింది మూడు చీటీలకు మూడేసి వాక్యాల్లో జవాబు రాసి, బయటికి చదవండి. మొదటి వాక్యంలో ఏ గ్రంథి పేరైనా కనిపిస్తే కొట్టేసి మళ్లీ రాయండి.

"పాడుతుంటే గొంతు మధ్యలో చీలిపోతోంది. ఇక పాడలేనా?"

"మా క్లాసులో అందరికంటే నేనే పొట్టి. ఇంక ఎదగనా?"

"చిన్నదానికే ఏడుపొస్తోంది. నాకు పిచ్చి పడుతోందా?"

మూడోదానికి రాసేటప్పుడు, రాసింది అమ్మాయని మీకు మీరే అనుకున్నారేమో ఒకసారి చూసుకోండి. ఈ జవాబులు దగ్గర పెట్టుకోండి, తల్లిదండ్రులతో మాట్లాడే నాలుగో పాఠంలో వీటితోనే పని.