‘ఇన్’ ఉన్నంత మాత్రాన ‘కాదు’ అని కాదు

పెట్రోల్ ట్యాంకర్ వెనక పెద్ద అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. మొన్న సిగ్నల్ దగ్గర అది చదివి మా అమ్మాయి, "నాన్నా, ఇన్ అంటే కాదు అనేగా? అయితే ఇది అంటుకోదా?" అంది. పెద్దవాళ్లూ పొరబడే చోటు ఇది. పొరబడితే ప్రమాదం కూడా.

ఇంగ్లిష్‌లో ‘ఇన్’లు రెండున్నాయి, రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. ఒకటి ‘కాదు, లేదు’ అనే ఇన్: ఇన్‌విజిబుల్, ఇన్‌కరెక్ట్. రెండోది ‘లోపలికి’ అనే ఇన్: ఇన్‌క్లూడ్, ఇంపోర్ట్. ట్యాంకర్ మీద ఉన్నది రెండోది. అంటే ఇట్టే అంటుకునేది అన్నమాట. అంటుకోనిదాన్ని ‘నాన్‌ఫ్లేమబుల్’ అంటారు.

మొదటి ఇన్ మనకు చుట్టమే. అనవసరం, అనారోగ్యం అన్నప్పుడు ముందు వచ్చే సంస్కృత ‘అన్’కూ దానికీ మూలం ఒక్కటే. హల్లు ముందు మన ‘అన్’ కాస్తా ‘అ’ అవుతుంది. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిది అనుకోకండి, వెల కట్టలేనిది. మన ‘అమూల్యం’ కూడా అచ్చం ఇలా పుట్టిన మాటే!

స్పెల్లింగ్ టెన్షన్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఉత్, లాసం కలిసి ఉల్లాసం అయినట్టే, ఇన్‌లోని ఎన్ కొన్నిచోట్ల పక్క అక్షరంలా మారిపోతుంది. అందుకే ఇల్లీగల్‌కు రెండు ఎల్‌లు, ఇర్రెగ్యులర్‌కు రెండు ఆర్‌లు, ఇమ్మెచ్యూర్‌కు రెండు ఎమ్‌లు. పి, బి ముందు మాత్రం ఎమ్ వస్తుంది: ఇంపాసిబుల్, ఇంబ్యాలెన్స్.